ఆన్‌లైన్‌లో తెలుగు పుస్తకాలమ్మే దుకాణాలకు, ప్రచురణకర్తలకు నెల్లూరు, ప్రకాశం పాఠకుల బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఉదయగిరిలోనో, కనిగిరిలోనో, గిద్దలూరులోనో ఉండే మనిషికి ఒక తెలుగు కథల పుస్తకం కావాలంటే నెల్లూరుకో ఒంగోలుకో బస్సెక్కాలి. తీరా వెళ్తే ఎక్కువ దుకాణాల్లో కనిపించేవి స్కూలు పుస్తకాలు, గైడ్లు, పోటీపరీక్షల మెటీరియలు, పంచాంగాలు. అందుకే మీరు తెలుగు పుస్తకాన్ని ఫోనులోకి తెచ్చినప్పుడు మా ప్రాంతపు పాఠకులు నిజంగా సంతోషించారు. ఆ మేలు మరిచిపోలేదు.

మేం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పుస్తకాలు కొని చదివేవాళ్లం, ఊళ్లలో చిన్న గ్రంథాలయాలు నడిపేవాళ్లం. కింద రాసిన ఇబ్బందులను మీ వెబ్‌సైట్లలో ఇచ్చిన ఫిర్యాదుల చిరునామాలకు ఇదివరకే పంపాం. ‘మీ సందేశం అందింది’ అని దానంతటదే వచ్చే జవాబు తప్ప మరో మాట లేదు. ఏ ఒక్క దుకాణాన్నో వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. ఈ లోపాలు కొద్దిపాటి తేడాలతో చాలాచోట్ల ఉన్నాయి కాబట్టి అందరికీ కలిపి, అందరి ముందూ రాస్తున్నాం.

దుకాణంలో అర ముందు నిలబడిన పాఠకుడు పుస్తకం తీసి వెనకట్ట చదువుతాడు. రెండో పేజీలో ముద్రణ ఏడాది చూస్తాడు. విషయసూచిక మీద వేలు పోనిచ్చి, మధ్యలో ఎక్కడో ఒక పేజీ చదివి, అప్పుడు వెల చూస్తాడు. పక్కన ఇంకోటి కనిపిస్తే అదీ తీస్తాడు. అనుకోని పుస్తకం ఇంటికొచ్చేది అలాగే. మీ దుకాణాల్లో ఈ తిరగేయడమే కుదరడం లేదు. అట్ట బొమ్మ, పేరు, వెల, ‘కార్ట్‌లో వేయండి’ అనే మీట, అంతే. పేరు ముందే తెలిసినవాడు కొనగలడు. తెలియనివాడికి దారి లేదు.

1. తెలుగులో వెతికితే తెలుగు పుస్తకం దొరకాలి.

చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే నమోదై ఉన్నాయి. ఆ లిపిలో కల, కళ, కాల మూడూ ఒకటే అయిపోతాయి. ద, డ లకు ఒకటే అక్షరం. నమోదు చేసినవారు ఏ స్పెల్లింగు వాడారో పాఠకుడు ఊహించుకోవాలి.

తెలుగులో టైపు చేస్తే దొరుకుతుందా అంటే అదీ అంతంతమాత్రమే. దీనికి కారణాలు మీ సాంకేతిక సిబ్బందికి తెలియనివి కావు గానీ, తెలిసీ పట్టించుకోవడం లేదు కాబట్టి చెబుతున్నాం. తెలుగు పుస్తకాలు ఇప్పటికీ చాలావరకు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, ‘అను’ అనే పాత ఫాంట్లలో తయారవుతున్నాయి. ఆ ఫైలు నుంచి పేరు కాపీ చేసి మీ ఫారంలో అతికిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు పడతాయి. దాంతో విసిగి ఇంగ్లీషులో కొట్టేస్తారు. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడు ఉండే యూనికోడ్‌లోనూ చిక్కులున్నాయి. ఐత్వాన్ని ఒకే కోడుగా రాయొచ్చు, ఎత్వానికి ఐత్వపు తోక చేర్చి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. కంటికి ‘కై’ ఒకటే, కంప్యూటరుకు రెండు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో వకారం వత్తుగా మారకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెడతారు. నమోదులో అది ఉండి, వెతికే మాటలో లేకపోతే పుస్తకం తగలదు. ‘కథలు’ అని ఉండాల్సింది ‘కధలు’ అని పడితే ఇక ఆ పుస్తకం ఉన్నా లేనట్టే.

రచయితల పేర్ల సంగతి మరీ అన్యాయం. ఇంటిపేరు పూర్తిగా రాసినచోట ఒకరు, పొడి అక్షరాలతో రాసినచోట ఇంకొకరు, కలంపేరుతో మరొకరు. ఒకే మనిషి రాసిన పుస్తకాలు మూడు పేజీల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. ఒకచోట రెండు పుస్తకాలు చూసినవారు ఆ రచయిత రాసింది అంతేననుకుంటారు.

మేం కోరేది: ప్రతి పుస్తకం పేరు, రచయిత పేరు యూనికోడ్ తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు లిపిలో వాడుకలో ఉన్న స్పెల్లింగులన్నీ వెనకాల చేర్చండి. నమోదైన పేరునూ వెతికే మాటనూ ఎన్.ఎఫ్.సి. అనే యూనికోడ్ పద్ధతిలో ఒక్క తీరుకు తెచ్చి, కనిపించని గుర్తులు తీసేసి పోల్చండి. థ-ధ, ల-ళ, న-ణ, శ-ష తేడా వస్తే ‘ఏమీ దొరకలేదు’ అనకుండా దగ్గరి ఫలితాలు చూపండి. ‘నెల్లూరు’ అని వెతికితే ‘నెల్లూరి’ కూడా రావాలి. రచయితకు ఒకే పేజీ ఉండి, మిగతా పేర్లన్నీ దానికే చేరాలి.

2. ముద్రణ ఏడాది, విషయసూచిక లేని పుస్తకాన్ని అమ్మకానికి పెట్టవద్దు.

తెలుగు పుస్తకం రెండో పేజీలో తొలి ముద్రణ, మలి ముద్రణ, ప్రతులు, వెల, ముఖచిత్రం, ముద్రించిన ప్రెస్సు, ‘ప్రతులకు’ అని దొరికే చోట్లు వరసగా ఉంటాయి. ఆ పేజీని ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టడానికి నిమిషం పట్టదు. అది పెట్టకపోవడం వల్ల మామూలు మనుషులకు జరిగే నష్టం ఎలాంటిదో చూడండి.

ఇందుకూరుపేట వైపు ఒక రైతు రొయ్యల సాగు పుస్తకం తెప్పించుకుంటాడు. మన దేశంలో వనామీ అనే రొయ్య రకం సాగుకు 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు రాసిన పుస్తకమైతే అందులో ఉండేది టైగర్ రొయ్య సంగతి. గుంటలో ఎన్ని పిల్లలు వేయాలన్న లెక్క దగ్గర్నుంచి మేత దాకా రెండింటికీ తేడా. అట్ట మీద రొయ్య బొమ్మే కాబట్టి ఆ ముక్క పుస్తకం చేతికొచ్చాక గానీ తెలియదు. పురుగుమందుల పుస్తకం 2011కు ముందుదైతే, ఆ ఏడాది సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్‌ను కొట్టమని అందులో ఉండొచ్చు. చట్టాల గురించి సామాన్యుల కోసం రాసిన పుస్తకం ఐ.పి.సి. (పాత భారత శిక్షాస్మృతి) సెక్షన్లతో ఉంటే, 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిందని కొన్నవారికి ఎవరు చెబుతారు? మోసానికి 420 అని చదువుకున్నవారు ఇప్పుడు 318 చూడాలి. పోటీపరీక్షలకు చదివే పిల్లలదీ ఇదే గోడు. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయింది 2022 ఏప్రిల్ 4న. 13 జిల్లాల పుస్తకం ఈనాటికీ ‘కొత్త స్టాకు’ పేరుతో వస్తోంది.

సాహిత్యంలో ప్రాణాంతకం కాదు గానీ డబ్బు నష్టం తప్పదు. తిక్కన బతికిన నేల మాది, భారతం కొనేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. ‘ఆంధ్ర మహాభారతం’ అని ఒక అట్ట బొమ్మ పెడతారు. అందులో ఉన్నది పద్యాల మూలం మాత్రమేనా, టీకా తాత్పర్యాలున్నాయా, వచనమా, పద్దెనిమిది పర్వాలా, ఒక్క పర్వమా? తిక్కన రాసినవి విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు. ‘తిక్కన భారతం’ అని తెప్పించుకుంటే ఒక్క విరాటపర్వం చేతికొస్తే దాన్ని తిప్పి పంపే ఖర్చు ఎవరిది? కథల సంపుటాలదీ ఇదే దారి. సూచిక కనిపించకపోతే పాత సంపుటిలోని కథలనే కొత్త పేరుతో మళ్లీ కొంటున్నామని ఎలా తెలుస్తుంది?

లోపలి పేజీలు పెడితే కాపీ కొడతారని ప్రచురణకర్తలు భయపడుతున్నారు. దొంగ పీడీఎఫ్‌ల బాధ మాకు తెలుసు, ఆ కోపం న్యాయమైనదే. కానీ రెండో పేజీ, సూచిక, రెండు లోపలి పేజీలు చూసి ఎవరూ పుస్తకాన్ని దొంగిలించలేరు. లోపలి పేజీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. అక్షరం సైజు తెలుస్తుంది. అరవై దాటిన పాఠకుడు అన్నిటికంటే ముందు చూసుకునేది అదే.

ఐ.ఎస్.బి.ఎన్. (ప్రతి పుస్తకానికీ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) గురించి ప్రచురణకర్తలకు ఒక మాట. మన దేశంలో ఈ సంఖ్య ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. మార్పులు లేని పునర్ముద్రణకు పాత సంఖ్యే చాలు. సవరించిన కూర్పుకు కొత్తది తీసుకోవాలి. గట్టి అట్టకు, మామూలు అట్టకు వేరువేరు. మూడు సంపుటాలకూ ఒకటే సంఖ్య అచ్చేస్తే దుకాణంవారి కంప్యూటరు ఆ మూడింటినీ ఒకే పుస్తకం అనుకుంటుంది, రెండో సంపుటం అడిగిన మనిషికి మొదటిది వెళ్తుంది. దుకాణాలవారు నమోదు చేసేటప్పుడు అంకెలు సరిచూడండి. పదమూడు అంకెలనూ వరసగా 1తో, 3తో మార్చి మార్చి గుణించి కూడితే మొత్తం 10తో భాగింపబడాలి. లేకపోతే ఎక్కడో అంకె తప్పు పడినట్టే.

3. ‘సాహిత్యం’ అని ఒకే గంప పెట్టవద్దు.

నవలలు, కథలు, కవిత్వం, వ్యాసాలు, శతకాలు, ఆత్మకథలు, యాత్రలు, అనువాదాలు అన్నీ ఒకే పేరు కింద గుట్టపోసి, ఎక్కువ అమ్ముడైనవి పైన చూపిస్తున్నారు. కనిపించేదే అమ్ముడవుతుంది, అమ్ముడైందే మళ్లీ కనిపిస్తుంది. మొదటి పేజీలో నిరుడు ఉన్న పది పుస్తకాలే ఈ ఏడూ ఉంటున్నాయి. మంచి పుస్తకం ఒకటి అడుగున పడి ఉందని తెలిసే మార్గమే లేదు. ‘వ్యవసాయం’ తెరిస్తే మిద్దెతోటలు కనిపిస్తాయి గానీ, ప్రకాశం పొగాకు, శనగ రైతులకో గూడూరు నిమ్మ రైతులకో పనికొచ్చేవి ఉన్నాయో లేవో తేల్చుకోలేం. ‘పిల్లల పుస్తకాలు’లో నాలుగేళ్ల పిల్లకూ పద్నాలుగేళ్ల పిల్లాడికీ ఒకటే వరుస.

విభాగాలు విడగొట్టండి. అనువాదమైతే మూలభాష, అనువాదకుల పేరు రాయండి. పిల్లల పుస్తకాలకు వయసు పెట్టండి. స్థానిక చరిత్రకు జిల్లాల వారీగా చోటివ్వండి. ముద్రణ ఏడాది వరుసలో, అకారాది వరుసలో చూసుకునే వీలు కల్పించండి. ప్రతులు అయిపోయిన పుస్తకం పేజీని తీసేయకండి, ‘ప్రతులు లేవు’ అని రాసి ఉంచండి. ఆ పుస్తకం ఉందని తెలిస్తే గ్రంథాలయంలోనైనా వెతుక్కుంటారు. కొరియరు ఆలస్యమైందని కోపంతో ఇచ్చిన ఒక నక్షత్రం పుస్తకం నాణ్యత కింద లెక్కకు రాకుండా చూడండి.

4. స్కాన్ చేసి అచ్చేసినదాన్ని ఆ మాట చెప్పి అమ్మండి.

రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు గడిస్తే మన చట్టం ప్రకారం హక్కులు తీరిపోతాయి. అలాంటి పాత పుస్తకాలను ఎవరైనా అచ్చేయొచ్చు, వేయాలి కూడా. కానీ ఇంటర్నెట్లో దొరికే స్కాన్లను దించుకుని, శుభ్రం చేయకుండా, అడిగినప్పుడల్లా ఒక్కో ప్రతి తీసి కొత్త పుస్తకంలా అమ్మడం వేరే సంగతి. అంచు దగ్గర అక్షరాలు తెగిపోయి ఉంటాయి, స్కాన్ చేసేటప్పుడు రెండు పేజీలు కలిసి తిరిగిపోతే ఆ పేజీలు శాశ్వతంగా లేనట్టే, వత్తులు మసకబారి ‘ష్ట’కూ ‘ష్ఠ’కూ తేడా తెలియదు. ఆయుర్వేదం, జ్యోతిషం, వ్యాకరణం లాంటి పుస్తకాల్లో ఒక వత్తు, ఒక అంకె పోతే అర్థమే మారిపోతుంది. ‘స్కాన్ ప్రతి నుంచి ముద్రణ’ అన్న మాట పేరు పక్కనే ఉండాలి. దానిలోని ఒక అసలు పేజీ ఫోటో ఉండాలి.

5. పోస్టు ఖర్చు మొదటే చెప్పండి, తపాలా దారి తెరవండి.

వంద రూపాయల పుస్తకానికి పోస్టు ఖర్చు ఎంతో చిరునామా, ఫోను నంబరు అన్నీ ఇచ్చాక చివరి మెట్టులో గానీ తెలియదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం డెలివరీ, పోస్టేజీ, పన్నులతో సహా మొత్తం ధరను విడివిడి లెక్కతో చూపాలి. చివర్లో ఖర్చులు కలపడాన్ని 2023 నవంబరు మార్గదర్శకాలు వినియోగదారుణ్ని మభ్యపెట్టే పద్ధతుల్లో చేర్చాయి. కాబట్టి ఇది మేం అడిగే దయ కాదు.

ఇక లెక్క చూద్దాం. డెమ్మీ 1/8 సైజులో 200 పేజీల పుస్తకం అంటే 100 కాగితాలు. ఒక్కోటి ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. 70 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితమైతే లోపలి పేజీల బరువు సుమారు 210 గ్రాములు, అట్ట 20 గ్రాములు. ప్యాకింగు 40 గ్రాములు వేసుకున్నా 270 దాటదు. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశాక, తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. మొదలైనప్పుడు ప్రకటించిన ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగు ఉంటుంది. నేలమార్గంలో వెళ్తుంది కాబట్టి నెమ్మది. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్తల పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనల సరుకు కాకూడదు. తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఈ షరతుల్లో హాయిగా ఇముడుతుంది.

అయినా మా వైపు పల్లెలకు కొరియరు ఒక్కటే దారి అంటున్నారు. 523తోనో 524తోనో మొదలయ్యే పల్లె పిన్‌కోడు కొడితే ‘మీ ప్రాంతానికి డెలివరీ లేదు’ అని వస్తుంది. లేదా కొరియరు మనిషి మండల కేంద్రంలో ఆగి ఫోను చేసి, వచ్చి తీసుకెళ్లమంటాడు. పోస్టుమాన్ రాని ఊరు మా దగ్గర లేదు. నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదనే పాఠకుడికి ఆ అవకాశం ఎందుకివ్వరు? ప్రతి పుస్తకం పేజీలో బరువు గ్రాముల్లో రాయండి, కొరియరు ఖర్చు, తపాలా ఖర్చు పక్కపక్కన చూపండి. పిన్‌కోడు పెట్టి చూసుకునే గడి కార్ట్‌లో కాదు, పుస్తకం పేజీలోనే ఉండాలి. మూడు పుస్తకాలు కలిపి కొంటే మూడు పార్సిళ్ల ఖర్చు వేయకండి.

6. ప్యాకింగు, తిరిగి పంపడం.

మా జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. పలచని ప్లాస్టిక్ సంచీలో వేసి పంపిన పుస్తకం ఆ నెలల్లో మూలలు నలిగి, అంచులు తడిసి ఉబ్బి వస్తుంది. చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. ముందు పుస్తకాన్ని పాలిథీన్ కవరులో పెట్టి మూయండి. కిందా పైనా పుస్తకం కంటే నాలుగు వైపులా అర సెంటీమీటరు పెద్దగా ఉండే అట్ట ముక్కలు పెట్టండి. ఆపైన ముడతల అట్ట చుట్టి అంచులన్నీ టేపు వేయండి. గమ్ బైండింగు పుస్తకాలను దారంతో బిగించి కట్టవద్దు, వీపు పగిలి కాగితాలు ఊడుతాయి.

బైండింగులో ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్ట) తప్పడం తెలుగు పుస్తకాల్లో పాత జబ్బు. పదహారు పేజీల ఫారమైతే 32 తర్వాత నేరుగా 49 వస్తుంది, లేదా 17 నుంచి 32 దాకా రెండుసార్లు ఉంటుంది. ఇది ప్రెస్సు తప్పు, కొన్నవారిది కాదు. దీనికి పార్సిలు విప్పేటప్పుడు తీసిన వీడియో కావాలంటారు. మూడో ఫారం లేదని మూడో రోజు చదువుతుంటే తెలిసిన పెద్దాయన వీడియో ఎక్కడ తేగలడు? పేజీ అంకెలు కనిపించే రెండు ఫోటోలు చాలనండి, వేరే ప్రతి పంపండి, పాత ప్రతిని తిప్పి పంపే ఖర్చు మీరే భరించండి.

7. చిన్న ప్రచురణలకు చోటివ్వండి.

కావలిలోనో కందుకూరులోనో ఒక ఉపాధ్యాయుడు తన ఊరి చరిత్ర రాసి సొంత డబ్బుతో ఐదొందల ప్రతులు వేయిస్తాడు. ఆవిష్కరణ సభలో పంచగా మిగిలినవి అటకెక్కుతాయి. ఆ పుస్తకం కోసం వెతికే మనిషి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. అలాంటివారి దగ్గర ఐదేసి ప్రతులు తీసుకుని పెట్టుకోవడానికి సులువైన తెలుగు ఫారం ఒకటి, కమీషను ఎంతో, డబ్బు ఎప్పుడిస్తారో స్పష్టంగా రాసిన ఒక పేజీ ఉంటే చాలు. ఫారమే ఇంగ్లీషులో ఉంటే ఆయన మీ దగ్గరికి రాడు.

వీటిలో 2, 5 అంశాలు ముందు కావాలి. ఇకమీదట నమోదు చేసే ప్రతి పుస్తకానికీ రెండో పేజీ, సూచిక, బరువు ఉండేలా నెలలోపు మొదలుపెట్టండి. ఇప్పటికే ఉన్నవాటిలో వ్యవసాయం, ఆరోగ్యం, చట్టం, పోటీపరీక్షల పుస్తకాలకు మొదట ముద్రణ ఏడాది చేర్చండి, ఎందుకంటే అక్కడ పాత సమాచారం మనిషికి హాని చేస్తుంది. వెతుకులాట సరిచేయడానికి ఆరు నెలలు పట్టినా ఆగుతాం, మొదలైందని చెబితే చాలు.

ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోపు పరిష్కరించాలని ఆ ఈ-కామర్స్ నియమాలే చెబుతున్నాయి. ఈ లేఖకు నెలలోపు మనిషి రాసిన జవాబు రాకపోతే, ధర దాచడం, పాత ముద్రణలను కొత్తవిగా చూపడం అనే రెండింటి మీదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఒక్కో దుకాణం గురించి విడివిడిగా ఫిర్యాదు చేస్తాం.

పని ఎక్కువ, మనుషులు తక్కువ అని మీరు అనొచ్చు. మా గ్రంథాలయాల్లోని పుస్తకాల రెండో పేజీ, సూచిక ఫోటోలు తీసి, పేర్లు యూనికోడ్‌లో కొట్టి, బరువు తూచి రాసి ఉచితంగా పంపడానికి మేం సిద్ధం. ఏ పద్ధతిలో పంపాలో చెప్పండి.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల తెలుగు పాఠకులు, గ్రంథాలయ నిర్వాహకులు